డాబా మీద నీలం డ్రమ్ము

పాలకూర అంత పచ్చగా ఉండటమే బాలసరస్వతికి నచ్చలేదు.

రెండు నెలల కిందట అదే పాలకూర పాలిపోయి, ఇవాళో రేపో అన్నట్టుండేది. కోడలు సౌజన్య ఫోనులో వీడియోలు చూసి, మట్టి లేకుండా ఆకుకూరలు పెంచుతానని మొదలుపెట్టింది. డాబా మీద తెల్ల పైపులకి వరసగా కన్నాలు పెట్టించింది. కన్నానికో చిన్న ప్లాస్టిక్ బుట్ట, బుట్టకో మొక్క. కింద సగానికి కోసిన నీలం డ్రమ్ములో నీళ్ళు. చిన్న మోటారు ఆ నీళ్ళని పైపుల్లోకి ఎక్కిస్తుంది, అవి వేళ్ళని తడిపి మళ్ళీ డ్రమ్ములోకే దిగుతాయి. మొక్కలకి బలం కోసం ఏ, బీ అని రాసిన రెండు సీసాల మందు ఆ నీళ్ళలో కలపాలి. మొదటిసారి కదా, పాళ్ళు కుదరలేదు. సగం మొక్కలు చచ్చాయి.

ఇప్పుడేమో ఆకులు అరచెయ్యంత. సీసాలు మాత్రం అటక మీదే ఉన్నాయి, దుమ్ము పట్టి. బాలసరస్వతి స్టూలు వేసుకుని రెండుసార్లు చూసింది.

మందు వెయ్యకుండా మొక్కకి బలం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఆవిడ భర్త భాస్కరరావు ఏలూరులో పేరున్న పురోహితుడు. ఆ వంటింట్లో వండిందే రోజూ గుడికి నైవేద్యంగా వెళుతుంది. అలాంటి ఇంటికి కొల్లేటి లంకలో పుట్టిన పిల్ల కోడలిగా వచ్చింది. లంకల్లో ఉండేదంతా చేపలు పట్టుకుని బతికేవాళ్ళే. సౌజన్య తండ్రి రామకోటి మండవల్లి దగ్గర చేపల చెరువుల మీద పనిచేస్తాడు. కొడుకు అభిరామ్ పట్టుబట్టాడు, భాస్కరరావు మెత్తబడ్డాడు. బాలసరస్వతి మాత్రం ఒక షరతు పెట్టింది. ఈ గడపలోకి చేపన్నది రాకూడదు. వచ్చిన రోజునే మొగుడూ పెళ్ళాం వేరే ఇల్లు చూసుకోవాలి.

ఆవిడ పట్టింపు అలాంటిది. కైకలూరు మీదుగా బస్సులో వెళ్ళాల్సి వస్తే, చేపల ఐసు పెట్టెలు దింపే చోట కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుంటుంది. పెళ్ళి మాటలకి కూడా మగవాళ్ళే వెళ్ళారు. లంకలో అడుగుపెట్టనంటే పెట్టనంది. ఆవిడ పుట్టింటి ఊసు ఎవరైనా ఎత్తితే భాస్కరరావే అందుకుని, తుని వైపండీ, ఇప్పుడెవరూ లేరండీ అని మాట మార్చేస్తాడు. నా అన్నవాళ్ళు లేకే ఆవిడ అంత కటువుగా తయారైందని వీధిలో జాలిపడతారు.

అనుమానం పట్టుకుంటే ఆవిణ్ణి ఓ పట్టాన వదలదు. పోయిన నెలలో రామకోటి కూతుర్ని చూడ్డానికి వచ్చాడు, చేతిలో మూత బిగించిన స్టీలు క్యానుతో. పాలు కాబోలనుకుంది. ఆ పాలు వంటింట్లోకి రానే లేదు. ఆ మర్నాటి నుంచీ, ఇంట్లో ఆవూ గేదే లేకపోయినా తవుడు కొంటున్నారు. డ్రమ్ము మీదికి గోనెపట్టా వచ్చింది. ఎందుకంటే, ఎండ తగిలితే నాచు పడుతుందండీ అంది కోడలు. జవాబు బాగానే ఉంది. చెప్పేటప్పుడు ఆ పిల్ల కళ్ళే ఇటు వైపు లేవు.

గురువారం ఉదయం భాస్కరరావు గృహప్రవేశం చేయించడానికి దెందులూరు వెళ్ళాడు. అభిరామ్ తాడేపల్లిగూడెంలో ఆఫీసుకి పోయాడు. కోడలు స్నానాల గదిలోకి వెళ్ళగానే బాలసరస్వతి మెట్లెక్కింది.

డ్రమ్ము దగ్గర ఆగి గాలి పీల్చింది. మురుగు వాసన కాదు. నిలవ నీళ్ళ వాసనా కాదు. అదేమిటో ఆవిడకి ఇట్టే తెలిసిపోయింది. పట్టా తీసింది. నాలుగు నల్లటి నీడలు చప్పున అడుక్కి దిగాయి.

"అత్తయ్యగారూ."

వెనకాల తడి జుట్టుతో సౌజన్య. ఇక దాచలేదు. సీసాల మందు పాళ్ళు తెలియక నాన్నని అడిగితే నాలుగు జెల్ల చేపలు తెచ్చిచ్చాడనీ, వాటి మలం కలిసిన నీళ్ళ బలానికే మొక్కలు తేరుకున్నాయనీ చెప్పింది. కోసిన ఆకంతా వీధిలోవాళ్ళకే ఇచ్చేస్తోందట. వంటింట్లోకి ఒక్క రెబ్బ కూడా రానివ్వలేదంది.

"ఇంకేం చెప్పకమ్మాయ్. సాయంత్రం మీ మావయ్యగారు రాగానే చెప్పేస్తాను. మీరు ఇల్లు చూసుకోండి."

"ఇప్పుడే నాన్నకి పంపించేస్తానండీ. మమ్మల్ని మాత్రం పంపెయ్యకండి."

సౌజన్య పట్టా కప్పబోయింది. బాలసరస్వతి లాగింది. దాని అంచు నీళ్ళలో తపుక్కున పడింది. బెదిరిన జెల్ల ఒకటి ఎగిరి సిమెంటు మీద పడి, కొట్టుకుంటూ వాననీళ్ళు పోయే కన్నం వైపు జారింది.

సౌజన్య గబుక్కున పట్టుకోబోయింది. లంక పిల్లే కానీ, ఊహ తెలిసినప్పటి నుంచీ హాస్టళ్ళలో పెరిగింది. జెల్లకి రెండు పక్కలా చెరో ముల్లు, వీపు మీద ఇంకోటి. కసుక్కున గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని వెనక్కి తగ్గింది.

"అలా కాదు, ఉండు" అంటూ బాలసరస్వతి వంగింది. వీపు ముల్లు రెండు వేళ్ళ సందులోకి వచ్చేలా, పక్క ముళ్ళ వెనకగా బిగించి, ఒక్క పట్టున ఎత్తింది. చేప మెదల్లేదు. దాన్ని డ్రమ్ములోకి తల ముందుగా వదిలి, తడిచెయ్యి చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది.

సౌజన్య నోట్లోంచి వేలు తీసి, ఆ చేతినే కాసేపు చూసి, గొంతు బాగా తగ్గించి అడిగింది: "అత్తయ్యగారూ, మీది ఏ లంకండీ?"