సున్నా బరువు

బరువు తీసేసే బిళ్లలు వచ్చాక రాళ్ల యార్డులో క్రేన్లు తుప్పుపట్టాయి. నాలుగు మూలలా నాలుగు బిళ్లలు అంటిస్తే చాలు, పది టన్నుల నల్లరాయి మోకాలెత్తున గాల్లో తేలేది. నూకరాజు ఇటునుంచి తోసేవాడు. అతని బామ్మర్ది సింహాద్రి అటు గోడ దగ్గర నిలబడి అందుకునేవాడు.

మెల్లగా తోస్తే మెల్లగా వచ్చేది. ఆ రోజు సింహాద్రికి హుషారెక్కింది.

"అదేం తోపు బావా? మా అక్క గంజి కూడా పొయ్యలేదా?"

నూకరాజుకు రోషమొచ్చింది. భుజం ఆనించి పది అడుగులు తోసుకుంటూ పోయాడు. రాయి మనిషి నడకంత నిదానంగానే సాగింది. సింహాద్రి నవ్వుతూ, వెనకటి రోజుల్లో బస్తాకి పెట్టినట్టే రొమ్ము అడ్డం పెట్టాడు. భయమేసి నూకరాజు రాయిని వెనక్కి లాగబోతే, అది అతన్నీ ఈడ్చుకుపోయింది. గోడ దాకా పోయి గానీ ఆగలేదు.

సూపర్‌వైజరు వచ్చి, రాయికి మీటరు పెట్టి చూశాడు.

"సున్నా కేజీలు. బరువే లేనిది తగిలి మనిషెలా చస్తాడ్రా? గుండెపోటు."

"అయితే మీరు నిలబడండి సార్, నేను తోస్తాను," అన్నాడు నూకరాజు.

సూపర్‌వైజరు గోడ దగ్గర్నుంచి నాలుగడుగులు పక్కకు జరిగాడు. జరిగి, కాగితం మీద గుండెపోటనే రాశాడు.