పక్కన కూర్చునే మనిషి కోసం

"పొట్టిది వద్దమ్మాయ్, పొడుగుది తీసుకో!"

కొట్టు అదిరేలా అరిచాడు ముసలాయన. హిల్కా చేతిలో కాఫీ తొణికింది.

బయట సరస్సు మీద పొగమంచు. గాలి లేకుండానే పసుప్పచ్చటి ఆకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఆ మంచులోంచే ఊడిపడ్డట్టు, ఆయన ఎప్పుడు లోపలికి వచ్చాడో ఎవరూ చూడలేదు. కాళ్ల దగ్గర చిన్న పెట్టె.

"ఎవరీయన, కార్రీ?" అంది హిల్కా.

"తెలీదక్కా. స్వీడన్ ఓడకి పోతున్నాడట, బస్సు కోసం కూచున్నాడు. మూడు కాఫీలు, రెండు యాలకుల బన్నులు లాగించాడు," అన్నాడు తుపాకుల కొట్టు కార్రి.

"పెద్దాయనా, కాస్త మెల్లగా!" అంది హిల్కా. " మన జిల్లా దుప్పులన్నీ పక్క జిల్లాకి పరిగెడతాయి."

ఆయన కుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఆఁ?"

కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు.

బల్ల మీద తుపాకి మోత తగ్గించే సైలెన్సర్లు రెండు ఉన్నాయి. ఒకటి అరచేతిలో ఇమిడేది. రెండోది అప్పడాల కర్రంత.

"పొట్టిదే బాగుంటుందక్కా. తేలిక. కొమ్మలకి తగలదు. చూడ్డానికీ అందం," అన్నాడు కార్రి.

"అందం ఎవరికోయ్, దుప్పికా?" ముసలాయన లేచి వచ్చాడు. "ఏదీ, తుపాకి ఇలా ఇవ్వు."

తూటా లేదని రెండుసార్లు చూసుకుని, గొట్టం వెనక అడ్డుండే బోల్టు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. చెక్క మీద బొటనవేలు నడుస్తూ నడుస్తూ ఒక పాత గాటు దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఎవరిదిది?"

"మా నాన్న ఓయివాది. ఈ ఏటి నుంచి నాది."

"ఆయన వేటకి రాడా?"

"రెండు కళ్లూ పోయాయి. అయినా మంచె మీద నా పక్కనే కూర్చుంటాడట. చూపు లేకపోతేనేం, అడవంతా నా చెవుల్లోనే ఉందంటాడు." హిల్కా గొంతు తగ్గింది. "ఆ చెవులు కూడా పోతే ఇంక ఆయనకి ఏం మిగలదు. అందుకే ఇది కొంటున్నా."

ముసలాయన ఆమె పెదవులకేసే చూస్తున్నాడు.

"చెవులకి మూతలు పెట్టుకోడుగా?"

"చచ్చినా పెట్టుకోడు."

"పెట్టుకోడులే," అన్నాడు మొదటిసారి మెల్లగా. "కాల్చేవాడి చెవి తుపాకి వెనక ఉంటుంది. పక్కవాడు ఒక్క అడుగు ముందుకి జరిగాడా, మోతంతా వాడికే. పొడుగుది మోతని ఎక్కువ మింగుతుంది. బరువంటావా, నీ చేతులు మోస్తాయి."

హిల్కాకి చిర్రెత్తింది.

"రెండు చెవులూ మూసుకుపోయిన మనిషి, మోత గురించి నాకు పాఠం చెబుతున్నాడు చూడు!" అంది కార్రితో, గొంతు తగ్గించకుండానే.

ముసలాయన చిన్నగా నవ్వాడు.

గొట్టం కొసన, సైలెన్సర్ తిప్పి ఎక్కించే మరని గుడ్డతో తుడిచాడు. "ముందు ఈ మరా ఆ మరా ఒకటేనా చూసుకోవాలి. కాస్త తేడా ఉన్నవి కూడా ఎక్కినట్టే ఎక్కుతాయి, వంకరగా." పొడుగుదాన్ని చేత్తోనే తిప్పుతూ, కదలకుండా కూర్చునేదాకా బిగించాడు. తుపాకిని కిటికీ వెలుగుకేసి పట్టాడు. "బోల్టు లేదుగా, వెనక నుంచి గొట్టంలోకి చూడు."

హిల్కా చూసింది.

నల్లటి వలయం. దాని నడుమ మంచు వెలుగు, పాలచుక్కలా. చందమామ చుట్టూ గుడి కట్టినట్టుంది. కొట్టూ, నవ్వులూ, కాఫీ వాసనా ఎక్కడో దూరంగా జరిగిపోయాయి.

"ఆ వలయం ఒక పక్క సన్నబడిందా, కాల్చొద్దు. ఇప్పుడు సరిగ్గా ఉంది. కొత్త బరువుకి గురి జారుతుంది. ముందు కాగితం మీద కాల్చి సరిచేసుకో."

బస్సు హారన్ వినబడింది. వినబడింది వాళ్లకి, ఆయనకి కార్రి చెయ్యి ఊపి చెప్పాల్సి వచ్చింది.

పెట్టె తీసుకుని మంచులోకి నడిచాడు. హిల్కా సణుక్కుంటూనే పొడుగుది కొంది. ఆయనకో మంచి మాట చెప్పాలని తోచనే లేదు.

వారం తర్వాత, తెల్లవారుజామున మంచె మీద తండ్రీ కూతురూ. కింద నేలంతా తెల్లటి మంచు పొర.

దుప్పి చెట్ల నీడలోంచి కలలో వచ్చినట్టు వచ్చింది. హిల్కా కాల్చింది. తలుపు దగ్గరగా వేసినంత చప్పుడైంది, అంతే. దుప్పి మోకాళ్ల మీద ఒరిగింది.

ఓయివా చెయ్యెత్తాడు. "ష్... హంసలు."

సరస్సు మీదుగా దక్షిణానికి పోతున్నాయి. ఆయన ముఖం ఆకాశానికెత్తి, గుంపులో ప్రతి గొంతూ విన్నాడు. తరవాత వేళ్లతో గొట్టం తడిమాడు.

"ఇంత పొడుగుది నువ్వు ఎంచవే. ఎవరు చెప్పారు?"

"ఎవరో ముసలాయన నాన్నా. స్వీడన్ పోతున్నాడు. అరుపులే అరుపులు! ఈ గాటు తడుముతూ నిలబడిపోయాడు."

తండ్రి వేళ్లు గాటు మీద ఆగాయి.

"ఏ చెవితో విన్నాడు?"

"కుడిచెవికే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏం?"

హంసల కూతలు సన్నబడి, మంచులో కలిసిపోయాయి.

"తౌనో," అన్నాడు ఓయివా. "నా పాత స్నేహితుడు. ఎడమ చెవి రంపపు మిల్లులో పోయిందని ఊరందరికీ చెప్పి, మరుసటి ఏడు స్వీడన్ వెళ్లిపోయాడు. క్షమించరా అనడానికి నాకు యాభై ఏళ్లు చాలలేదు."

"నువ్వెందుకు అడగాలి నాన్నా?"

"వాడి చెవిలో నెత్తురు చూసి తుపాకి రాతికేసి కొట్టాను, అదే ఈ గాటు. ఆ రోజు నా పక్కన కూర్చున్నది వాడు, తొందరపడి పేల్చింది నేను."