ఈద్గా నుంచి వేరే తోవ

"ఈద్ నమాజుకు వచ్చిన తోవన మళ్లీ పోతవా? వేరే తోవన పోవాలె. గది సున్నత్, ప్రవక్త పద్ధతి!" అంటూ మౌల్వీ సైకిల్‌కు అడ్డం నిలబడ్డాడు.

మదార్ బ్రేకు వేసి ఒక కాలు నేలకు ఆనించాడు. ఇచ్చోడలో అతని ఇంటికి ఇంకొక్కటే దారి. అది అన్న బందగీ వాకిలి ముందు నుంచే పోతుంది. తమ బాపు మేకలు పంచుకున్ననాడు కొట్లాడుకున్నాక అన్నదమ్ములకు మాటల్లేవు.

"అల్లాకు మన తోవలతోని ఏం పని?" అని గొణుక్కుంటూనే అటు తిప్పాడు.

బందగీ వాకిట్లో షీర్‌ఖుర్మా పాయసం గిన్నెతో నిలబడి ఉన్నాడు. "దిగురా!"

"నీ కోసం రాలే. మౌల్వీ సాబ్ చెప్పిండు, సున్నతని."

"ఎర్కనే. నిన్ను గిటు తోలుమని పొద్దుగాలనే ఆయనకు రెండు గిన్నెలు తాపిన."

మదార్ గిన్నె వంక చూశాడు.

"గాయినకు రెండు, తమ్మునికి ఒక్కటేనా?" అంటూ సైకిల్ స్టాండు వేశాడు.