కొత్త రాయితో వచ్చినవాడు

ఉప్పునీళ్ళ గాజుతొట్టెలో, గవ్వలో కాపురముండే పీత ఒకటి ఉండేది. సగం తిని సగం పారేసే రకం. పైగా తొట్టె పెత్తనమంతా తనదే అనుకునేది.

ఒకరోజు యజమాని సముద్రం నుంచి తెచ్చిన రాయిని నీళ్ళలోకి దించాడు. దాని కన్నంలోంచి ఒళ్ళంతా ముళ్ళున్న పురుగొకటి తల బయటపెట్టింది.

"ఎవడ్రా నువ్వు? నిన్నెవరు పిలిచారు?" అంటూ పీత డెక్క ఎత్తింది.

"ఎవరూ పిలవలేదండి. రాయిని తెచ్చారు, అందులో ఉన్నాను కాబట్టి నేనూ వచ్చాను."

"ఏం తింటావు?"

"మీరు తినగా మిగిలింది."

పీతకు ఒళ్ళు మండింది. "నా సొత్తు మీదే కన్నేశావా? బయటికొచ్చావంటే చీరేస్తాను!"

పురుగు కన్నంలోకి ముడుచుకుపోయింది.

కొన్నాళ్ళకు పీత పారేసిన మేతంతా అడుగున కుళ్ళి, నీళ్ళు కంపుకొట్టాయి. పీతకు ఊపిరాడలేదు. తంటాలుపడి కన్నం దాకా పాకి, "ఏమయ్యా, భోజనానికి రావూ?" అంది.

పురుగు వచ్చి కడుపారా తింది. అడుగంతా కడిగినట్టయింది, నీళ్ళు తేటపడ్డాయి. పీత హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"అయ్యా, తమరెలా వచ్చారు ఇక్కడికి?" అంది పురుగు.

పీత గవ్వలోకి సగం ముడుచుకుని, డెక్కతో మూలకు చూపించింది. అక్కడ పాచిపట్టిన పాతరాయి ఒకటుంది.

"దాని కన్నంలో," అంది మెల్లగా. "నన్నూ ఎవరూ పిలవలేదులే."