లేచి వెళ్ళిపోయే శ్రోత

ప్రధానాచార్యులుగా పదవీ విరమణ చేసిన పరాంకుశం గారు కాకినాడలోని ఒక దుకాణంలో, ఎలక్ట్రానిక్ సంగీతం కొత్తగా నేర్చుకునేవారికి పనికివచ్చే సామగ్రిని పరిశీలిస్తున్నారు. చిన్న కీబోర్డు, స్పీకరు, బాణీలు కూర్చుకునే సాఫ్ట్‌వేర్ తేలికగానే కుదిరాయి. చిక్కంతా శ్రోత దగ్గర వచ్చింది.

ఎవరి చెవిలో వారి పాట మోగే కాలమది. ఒకరి సంగీతాన్ని మరొకరు వినడం మానేశారు గనుక, వినిపెట్టే కృత్రిమ శ్రోతను కూడా సాఫ్ట్‌వేర్‌తోపాటే అమ్ముతున్నారు.

"దీన్ని తీసుకోండి సార్. ఎలా వాయించినా ఆహా అంటుంది," అంది దుకాణంలోని మేఘన.

"నాకు భజనపరులు అక్కర్లేదమ్మా. నచ్చకపోతే లేచి వెళ్ళిపోయేవాడు కావాలి."

"ఒకటుంది గానీ, కొన్నవాళ్ళంతా ఏడుపుముఖాలతో తిరిగి తెచ్చిచ్చారు."

"నేను ఏడ్చే రకంలా కనిపిస్తున్నానా?"

"కళ్ళజోడు అడ్డంగా ఉంది సార్, తెలియడం లేదు."

తన ఇంటికి మరో మనిషి వచ్చి ఏళ్ళు గడిచాయన్న సంగతి ఆయన ఆ పిల్లకు చెప్పలేదు.

ఆ లేచిపోయే శ్రోతనే కొని ఇంటికి తెచ్చుకుని, ఆ సాయంత్రం ఎంతో శ్రమపడి కూర్చిన బాణీని వాయించారు. సగంలోనే స్పీకరులోంచి, "క్షమించాలి మాస్టారూ, నాకు రుచించలేదు. వెళ్ళొస్తాను," అన్నాడు శ్రోత. అందులోంచే కుర్చీ జరిగిన చప్పుడు, దూరమవుతున్న అడుగుల సవ్వడి వినిపించాయి.

పరాంకుశం గారి అభిమానం దెబ్బతిన్నది. అయినా, వచ్చినవారిని కూర్చున్నచోటి నుంచే పంపించే అలవాటు ఆయనకు లేదు. కండువా సర్దుకుని లేచి, వీధి తలుపు తీసి, ఎవరూ లేని మెట్లవైపు చూస్తూ, "జాగ్రత్తగా వెళ్ళండి. రేపు మరొకటి వినిపిస్తాను," అన్నారు.