ఆత్మీయ తనిఖీ

"లోపం" అన్న మాట ఆ సర్వీస్ సెంటర్లో ఎవరి నోటా రాకూడదు. కార్ల కంపెనీ పెద్దలు నాలుకైనా కోసుకుంటారు గానీ ఆ మాట అనరు. వాళ్ళమ్మిన కార్ల బ్రేకులో ఓ రబ్బరు ముక్క ఉబ్బిపోతుందనీ, అప్పుడు ఎంత తొక్కినా బండి ఆగదనీ రెండేళ్ళ కిందటే తెలుసు. తెలిసి ఏం చేశారు? కార్లన్నీ వెనక్కి పిలిచారా? అబ్బే! పరువు పోదూ? గుమ్మానికి ఓ బ్యానరు కట్టారు: "ఉచిత ఆత్మీయ తనిఖీ వారోత్సవం".

ఆ వారోత్సవంలో ఆఖరి రోజు మధ్యాహ్నం మాష్టారి భార్య గొడుగు మడుచుకుంటూ లోపలికొచ్చింది.

మాష్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాష్టారు కాదు, డ్రైవింగ్ స్కూలు మాష్టారు. ఏ కాలు ఎక్కడ పెట్టాలో ఇరవై రెండేళ్ళుగా ఊరందరికీ నేర్పినవాడు. మూడు నెలల కిందట, పాఠం అయ్యాక ఓ అమ్మాయిని ఇంటి దగ్గర దింపడానికి వెళ్తుంటే ఆయన కారు మలుపులో ఆగలేదు. గోడని గుద్దింది. అమ్మాయికి చెయ్యి విరిగింది.

"బ్రేకు పట్టలేదు" అన్నాడాయన.

"బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి ఉంటారు" అంది కంపెనీ. ఎవరితో అంటున్నారో కాస్తయినా ఆలోచించారా? పైగా సాక్ష్యం కూడా చూపించారు. ప్రమాదానికి పన్నెండు రోజుల ముందు ఈ సర్వీస్ సెంటరే ఇచ్చిన తనిఖీ కార్డు. "బ్రేకులు భేష్. ఏడు కిలోమీటర్లు నడిపి చూశాం." కింద సంతకం, ముద్ర.

ఆ కార్డు దెబ్బకి మాష్టారి లైసెన్సు ఆపేశారు. సోమవారం విచారణ. అక్కడా కార్డు మాటే చెల్లితే ఇక జన్మలో స్టీరింగ్ ముట్టనివ్వరు. ఆయన భోజనానికి కూర్చున్నా కుడికాలు నేలకేసి నొక్కి చూసుకుంటున్నాడు, నిజంగా తనే తప్పు తొక్కాడేమోనని. ఆ కాలు చూసినప్పుడల్లా ఆమెకు కడుపు మండిపోతోంది.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లోంచి తలెత్తలేదు.

"బండి నంబరు చెప్పండి ఆంటీ."

చెప్పింది.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

"ఎనభై ఒక్క వేల నాలుగొందలు."

"తాళం ఇవ్వండి."

ఆమె సంచీలోంచి తీసిచ్చింది. పెద్దగా వాడని తాళం, ఇంకా తళతళలాడుతోంది.

"బ్రేకు సరిగ్గా చూడమని చెప్పమ్మా. చూసినట్టు కాగితం కావాలి."

"అన్నీ చూస్తారు ఆంటీ, ముప్పై ఆరు రకాల పరీక్షలు. మీరలా కూర్చుని కాఫీ తాగండి."

తాళం పళ్ళెంలో పడింది. అప్పటికే పళ్ళెం నిండా తాళాలే. సాయంత్రంలోగా జాబితాలో ఉన్న ప్రతి కారూ తనిఖీ అయిపోవాలని పైనుంచి హుకుం. ఇంకా నలభై మూడు కార్లున్నాయి, మెకానిక్కులు చూస్తే ముగ్గురు. మేనేజరు గాజు గదిలోంచి మాటిమాటికీ బయటికొచ్చి "కానివ్వండి, కానివ్వండి" అంటూ కోళ్ళని తోలినట్టు అందర్నీ అదిలిస్తున్నాడు. కాసేపటికి పళ్ళెం లోపలికెళ్ళింది.

ఆమె కాఫీ తాగింది. గోడ మీద టీవీలో భార్యా భర్తా చంటిపిల్లా ఆ కంపెనీ కారెక్కి అదే పనిగా నవ్వుతున్నారు. గంటన్నర సేపు ఆ నవ్వే చూసింది.

మేనేజరు స్వయంగా కార్డు పట్టుకొచ్చాడు.

"మేడమ్, మీ బండి బంగారం! బ్రేకులు భేష్."

"నడిపి చూశారా బాబూ?"

"భలేవారే, నేనే నడిపాను. ఏడు కిలోమీటర్లు. ఇంత వానలో కూడా ఇలా తొక్కితే అలా ఆగింది. కడిగించాను కూడా."

"మీరేనా?"

"మా మీద నమ్మకం లేదా మేడమ్? మా సొంత అక్క బండిలా చూసుకున్నాను."

"నమ్మకం లేకేం. ఆ ముక్కే రాసి సంతకం పెట్టండి. ముద్ర మర్చిపోకండి."

పెట్టాడు. తారీఖు వేశాడు, టైము వేశాడు. కిలోమీటర్ల గడిలో ఎనభై ఒక్క వేల నాలుగొందల ఏడు అని నింపాడు. పనిలో ఏమో గానీ కూడికల్లో మాత్రం గట్టివాడే.

ఆమె కార్డు రెండుసార్లు చదివింది. సంచీలోంచి పాత కార్డు తీసి పక్కన పెట్టుకుని చూసింది. భేష్. ఏడు కిలోమీటర్లు. అవే మాటలు, అదే సంతకం. మేనేజరు అటు చూడనే లేదు. ఆయన కళ్ళు అప్పుడే వచ్చిన ఇంకో కస్టమర్ మీద ఉన్నాయి.

"బండి గుమ్మంలోకి తెప్పించమంటారా మేడమ్? వానలో తడుస్తారు."

"తెప్పించండి, చూద్దాం."

మేనేజరు యార్డులోకి నంబరు కేకేశాడు. ఓ మెకానిక్కు తాళం పట్టుకుని వెళ్ళాడు. కాసేపటికి రెండో మెకానిక్కు వెళ్ళాడు. ఇద్దరూ వానలో తడుస్తూ ఒక్కో వరసా వెతికారు. పదినిమిషాలైంది. మేనేజరు కూడా వెళ్ళి, తడిసి ముద్దయి తిరిగొచ్చాడు.

"బండి ఎక్కడ పెట్టారు మేడమ్?" అన్నాడు. ఆమె వచ్చిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఆమె రెండు కార్డులూ జాగ్రత్తగా సంచీలో పెట్టి జిప్పు లాగింది.

"నేనెక్కడ పెడతాను నాయనా, గోడని గుద్దిన రోజు నుంచీ అది పోలీస్ స్టేషన్ వెనక, ఇంజన్ నుజ్జయి, ముందు చక్రాల్లేకుండా ఇటుకల మీదే ఉంది."