అగ్ని గణం

ఇమాం బాషా మేస్టరు ఆదోని ప్రెస్సులో అచ్చయిన తన పద్యాల పుస్తకం మొదటి పదహారు పేజీల ఫారం తెచ్చి, ఛందస్సు తెలిసిన పండితుడు శాస్త్రిగారి చేతిలో పెట్టి, మెప్పు కోసం ఎదురు చూశాడు. శాస్త్రిగారు మొదటి పద్యం మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

“‘రాతినేల’ అని ఎత్తుకున్నావేమయ్యా? అది రగణం. దానికి అగ్ని దేవత. కావ్యం మొదట్లో అది పడితే, అంకితం పుచ్చుకున్నవాడికి మూడుతుందంటారు పెద్దలు. ఇంతకీ ఎవరికిస్తున్నావు?”

“కోసిగి షావుకారు దేవేంద్రప్పకు.”

“పాపం” అన్నారు శాస్త్రిగారు, కాగితం మడిచి ఇచ్చేస్తూ.

బాషా ఆ కాగితాన్ని సంచిలో పెట్టుకున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఏళ్ల తరబడి రాసుకున్న సీసపద్యాలు, ఆయన మొదటి పుస్తకం. కాగితానికీ అచ్చుకూ ఖర్చంతా దేవేంద్రప్పదే. పోనీ, మాట మారుద్దామా అంటే ఆ ఫారం ప్రతులన్నీ అచ్చయి ప్రెస్సులో కట్టలుగా కూర్చున్నాయి.

“సావుకారప్పకు సెప్పొద్దు” అంది ఇంట్లో భార్య జులేఖా బీ. “సెప్తే పుస్తకం ఆగిపోతాది. ఇయన్నీ యాడన్నా నిజమా?”

“నేను నమ్మను. ఆయన నమ్ముతాడు. రేపు ఆయనకు జరమొచ్చినా నా పద్యం వల్లే అంటారు.”

“ఆయనకు జరం రాకుండా నేను దువా చేస్తాలే. నువ్వు సంగటి తిను.”

బాషా కంచం పక్కకు జరిపాడు. చెబితే పుస్తకం పోతుంది, చెప్పకపోతే మనశ్శాంతి పోతుంది. రెండోది పోతే బతకలేననిపించి, బాషా కోసిగి రైలెక్కాడు.

దేవేంద్రప్ప అప్పుడే ఆదోని కోర్టు నుంచి వచ్చి, తలపాగా అయినా తీయకుండా అరుగు మీద కూర్చున్నాడు. పక్కింట్లో ఉండే చిన్నాయన కొడుకు పెద్ద ఈరన్నతో తోటబావి కోసం దావా. మళ్లీ వాయిదా పడింది.

“రా అయివారూ. ఆ ఈరన్న పీడ ఎప్పుడు విరగడైతాదో ఏమో. నీ పుస్తకం యాడిదాకా వచ్చింది?”

గోరుచుట్టు మీద రోకటిపోటు వేయడానికి తానే పనిగట్టుకుని వచ్చినట్టయింది బాషాకు. అయినా కళ్లు దించుకుని, శాస్త్రిగారన్నదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

తమలపాకుకు సున్నం రాస్తున్న దేవేంద్రప్ప చెయ్యి ఆగిపోయింది.

“శాస్త్రిగారే అన్న్యాడా ఈ మాట?”

“ఆయనే అన్న్యాడు సావుకారప్పా.”

“మా ఇంట్లో ముహూర్తాలన్నీ ఆయనే పెడతాడు. ఇంతవరకూ ఆయన మాట తప్పిందే లేదు.”

బాషా సంచిలోంచి అచ్చుకాగితం తీసి అరుగు మీద పెట్టాడు. దేవేంద్రప్ప దాని వైపు ఒకసారి చూసి అడిగాడు.

“కీడు అంకితం తీసుకున్నోనికేనా, దుడ్లు పెట్టినోనికి గూడానా?”

“తీసుకున్నోనికే అంటారు.”

“నా పేరుండే కాయితం అచ్చయిందా?”

“ఇంకా లేదు. అది ఆఖర్న ఏస్తారు.”

దేవేంద్రప్ప ఆకు నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చున్నాడు. ఇక పుస్తకం అయిపోయినట్టే అనుకున్నాడు బాషా. దుఃఖం పొంగుకొచ్చింది. దాచుకోవాలని కూడా చూడలేదు.

“నా పుస్తకం పోతే పోనీలే సావుకారప్పా. మీరు సల్లగుంటే సాలు. తెలిసి తెలిసీ మీకు కీడు సెయ్యలేను.”

“పుస్తకం యాడికి పోతాదప్పా? పద్యంలో ఒక్క అచ్చరం గూడా మార్చొద్దు. అచ్చు ఆపొద్దు.”

బాషా తలెత్తి చూశాడు. దేవేంద్రప్ప మొహంలో అలసట పోయి కళ వచ్చింది. ఆయన లేచి, పక్కింటి గోడ వైపు ఒకసారి చూసి, బాషా భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు.

“అంకితం నాడు దండా తాంబూలం గూడా నేనే పంపిస్తా, నేను పంపినానని మాత్రం ఎవురికీ సెప్పొద్దు. నా పేరు తీసేసి మా పెద్ద ఈరన్న పేరు ఎయ్యి.”